టైరులో చద్దరు ముక్క

షోలాపూర్‌లో కుంఠా నాకా కూడలి దగ్గర టైర్ల దుకాణం నడిపే మనిషికి నోరు మంచిది కాదని మా పేటల్లో ఎవరినడిగినా చెబుతారు. భవాని పేటలో చెబుతారు, దాజీ పేటలో ఇంకా గట్టిగా చెబుతారు. పెద్దా చిన్నా చూడడు. ఆడవాళ్ళు స్కూటీ తెచ్చినా తిట్టకుండా గాలి కొట్టడు. పెళ్ళికి పోతూ కారు ఆపిన వాళ్ళకు కూడా రెండు మాటలు అంటించి పంపుతాడు. ఇవన్నీ నిజమే. నేనూ పడ్డాను.

ఒకసారి నా స్కూటర్ వెనక టైరు మార్పిద్దామని వెళ్ళాను. అరిగిపోయిందని మా వీధిలో ఒకాయన చెప్పాడు, నాకూ అలాగే అనిపించింది. దుకాణం మనిషి వంగి, టైరు చుట్టూ అరచేతితో ఒకసారి రాసి, నా వైపు చూశాడు.

"మార్చుమని ఎవడు చెప్పిండు పేపర్ కాకా?"

చెప్పాను.

"ఆయన చద్దర్లు అమ్ముతడు. టైరు సంగతి పోయి ఆయన్ని అడిగినవ్. రేపు చద్దరు కొనాల్నంటే నా తాన్కి వస్తవా? ఇది ఇంక రెండు వానలు ఆగుతది, పో. పోయేముందు గాలన్న కొట్టిచ్చుకో. స్కూటర్ కొన్నకాడి నుంచి ఒక్కసారన్న కొట్టిచ్చినవా?"

టైరు అమ్మలేదు. గాలి కొట్టి పంపాడు. పత్రికలో పనిచేసిన రోజుల్లో నేను ఎన్నో దుకాణాల ప్రారంభోత్సవాల వార్తలు రాశాను. ప్రతి యజమానీ తన సేవ గురించి ఒక మంచి వాక్యం చెప్పేవాడు, నేను రాసుకునేవాణ్ణి. కొనడానికి వచ్చిన మనిషిని తిట్టి వెనక్కి పంపడం కూడా సేవేనని ఒక్కరూ చెప్పలేదు. రెండు వానాకాలాలు దాటాక వెళ్ళినప్పుడు ఆయనే టైరు మార్చాడు, అప్పుడూ తిట్టాడు.

ఆయన దగ్గర ఇంకో పద్ధతి ఉంది. టైరు విప్పాక తను చూసి చెప్పడంతో ఊరుకోడు. బండి తెచ్చినవాడి చెయ్యి పట్టుకొని టైరు లోపలికి పెట్టిస్తాడు. గీత ఉంటే గీత, మేకు ఉంటే మేకు, వాడి వేళ్ళకే తగలాలి. ఆయన తండ్రి దాజీ పేటలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, చద్దర్లు నేసినవాడు. సాంచెలు తుక్కు కింద అమ్ముడుపోయాక కొడుకు టైర్లలోకి వచ్చాడు. "సాలోళ్ళకు కండ్లతోటి చూపిస్తే ఎక్కది. చేతికి తగిలితేనే ఎక్కుతది" అంటాడు. గిరాకీకి వచ్చిన వాళ్ళలో సగం మంది దీనికి కూడా విసుక్కుంటారు. చేతులు నల్లగా అవుతాయి మరి.

ఇది చెడ్డ నోటి సంగతి. ఇక తీయటి నోటి సంగతి చెబుతాను. నా కోపమంతా దాని మీదే.

మా అక్క భర్త, మా బావ, చాలా ఏళ్ళు ఒక యజమాని సాంచెల మీద చద్దర్లు నేశాడు. ఆ యజమాని మా సాలెవాళ్ళలోని వాడే. మా తాతల లాగే ఆయన తాతలూ తెలంగాణ నుంచి మూట నెత్తిన పెట్టుకొని షోలాపూర్ వచ్చినవాళ్ళే. ఆయన గొంతు పెంచి మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. పనివాళ్ళను తమ్మీ అంటాడు, బేటా అంటాడు, భుజం మీద చెయ్యి వేసి మాట్లాడతాడు. ఆయన పేరెత్తితే మా పేటల్లో "సేఠ్ నోట్ల నుంచి ఒక్క చెడ్డ మాట రాదు" అంటారు. ఆ భుజం మీది చెయ్యి ఎంత బరువో దాని కింద నిలబడ్డవాళ్ళకే తెలుసు.

పగలంతా నిలబడి నిలబడి బావ మోకాళ్ళు పోయాయి. అప్పుడు సేఠ్ ఆయన్ని సాంచె మీద నుంచి తీసి తన చిన్న టెంపో మీద పెట్టాడు. బావ దాన్ని పెద్ద ఉపకారంగా అనుకున్నాడు. పని ఏమిటంటే, ఊరి చివర కార్ఖానాల పేట ఎంఐడీసీలో పడుగు చుట్టే చోటి నుంచి బీములు తేవడం. బీమంటే పడుగు నూలు చుట్టిన బరువైన ఇనుప రోలరు. అది వస్తేనే సాంచె నడుస్తుంది. రాకపోతే సాంచె ఆగుతుంది, నేసేవాడు ఊరికే కూర్చుంటాడు, నేసినదానికే కూలి కాబట్టి ఆ పూట వాడికి ఏమీ రాదు. అందుకని బీము ఆలస్యమైతే సేఠ్ కంటే ముందు షెడ్డులోని వాళ్ళే బావను చూసి మొహం తిప్పుకునేవాళ్ళు.

ఆ ఎండాకాలంలో టెంపో వెనక టైరు రెండుసార్లు దారిలో కూలబడింది. రెండోసారి సేఠ్ బావ భుజం మీద చెయ్యి వేశాడట. "తమ్మీ, నీకు వయసయితున్నది. ఇంకోసారి లేటయితే చావీ నా చేతుల పెట్టి ఇంట్ల ఆరాం చెయ్యి. నీ మంచికే చెప్తున్న" అన్నాడట. అక్క ఈ సంగతి నాకు చెబుతూ బీడీలు చుట్టడం ఆపలేదు. "ఆరాం అంటున్నడు తమ్మీ. ఆరాం చేస్తే ఏం తింటం?" అంది. బావ అప్పటి నుంచి రాత్రి తాళంచెవిని దిండు కింద పెట్టుకొని పడుకుంటున్నాడని కూడా చెప్పింది. తాళంచెవి పోతే ఆ వయసులో, ఆ మోకాళ్ళతో, ఆయనకు ఇంకో పని ఎవరూ ఇవ్వరు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

మూడోసారి టైరు కూలబడిన రోజు, పొద్దు ఇంకా నడినెత్తికి రాకముందే, బావ నాకు ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, జర నాకా కాడికి రా. వాడు టైరు ఇస్తలేడు. నీ మాటైతే వింటడు."

వెళ్ళేసరికి టెంపో దుకాణం ముందు జాకీ మీద ఉంది. ఇరుసు కింద చెక్కదిమ్మలు పెట్టి ఉన్నాయి. వెనక తాళ్ళతో కట్టిన రెండు బీములు, వాటి మీద దుమ్ము పడకుండా బావ కప్పిన గుడ్డ. చుట్టూ పది పదిహేను మంది. చాయ్ బండి దగ్గరి వాళ్ళు గ్లాసులతో సహా వచ్చి నిలబడ్డారు. దుకాణం మనిషి విప్పిన టైరును రెండు కాళ్ళ మధ్య పెట్టుకొని కూర్చున్నాడు. మొహం ఎర్రగా ఉంది.

"వచ్చినవా పేపర్ కాకా? చెయ్యి పెట్టు."

పెట్టాను. టైరు లోపల రబ్బరు తగలాల్సిన చోట మెత్తగా, వెచ్చగా ఏదో తగిలింది. లాగితే నాలుగు మడతల బట్ట. షోలాపూర్ చద్దరు ముక్క. మధ్యలో నేసిన నెమలి బొమ్మ, అంటే సేఠ్ సరుకు మీద ఉండే గుర్తు, సగం మాత్రమే ఉంది. తోక వైపు వేడికి నల్లబడి, చేతితో నలిపితే పొడిగా రాలింది. బట్ట తీసిన చోట టైరుకు వేలెడంత చీలిక. బయటి వెలుతురు అందులోంచి కనబడుతోంది.

"ట్యూబు పంక్చర్ అయిందని తెచ్చిండు" అన్నాడు ఆయన అందరికీ వినబడేట్టు. "పంక్చర్ ఏంది, ఈ బట్ట రాసీ రాసీ ట్యూబును అరగదీసింది. దీన్ని మళ్ళ గిట్లనే బిగించి ఇయ్యాల్నంట. నేను ఇయ్య."

"ఎందుకియ్యవ్?" బావ గొంతు అప్పటికే బొంగురుపోయింది. "ఆ చద్దరు నా చేతులతోటి నేసిన. ఏనుగు ఎక్కినా చినగది."

"ఏనుగు ఎక్కుతే చినగదు, సరే. నీ గాడీ కింద అది పండుకొని ఉంటదా మామా? తిరుగుతది. తిరిగి తిరిగి వేడెక్కుతది. కాలుతది. బీముల బరువు మీద టైరు ఫాట్‌మంటే గాడీ ఎటు పోతదో నీకు ఎరుకనా?"

"అందరి గాడీలల్ల ఉన్నదిరా అది! నా ఒక్కనిదాంట్లనేనా?"

ఇదే అసలు సంగతి. టైరు చీలితే దాని లోపల పాత టైరు ముక్క పెట్టి కొన్నాళ్ళు లాగడం అన్ని ఊళ్ళలో ఉన్నదే. చద్దరు మడిచి పెట్టడం మాత్రం మావాళ్ళకే తోస్తుంది. మాకు బట్ట మీద ఉన్న నమ్మకం అలాంటిది. చలికి అదే, మంచానికి అదే, గోడ చెమ్మకు అదే, ఇంట్లో ఏది విరిగినా దాని చుట్టూ ముందు ఒక చద్దరు ముక్క చుడతాం. అది మా చేతి పని. అది మోసం చేయదని మా వాళ్ళ నమ్మకం.

దుకాణం మనిషి బావ చెయ్యి పట్టి చీలిక దగ్గర పెట్టాడు.

"ఏం తగులుతున్నయి?"

బావ చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు.

"పోగులు. టైరుకు కూడ పడుగు ఉంటది మామా, రబ్బరు లోపల. చూడు, ఎన్ని తెగినయో. సాంచె మీద తెగితే ఆపుతవ్, అతుకుతవ్. ఇది ఉరుకుతుంటే తెగుతది. లోపల దూరి అతుకుతవా?"

"సాలోని కడుపున పుట్టి బట్టను తప్పువడుతవా?" అన్నాడు బావ.

"బట్టనెందుకు తప్పువడుత? దానికేం తెలుసు పాపం. నిన్నే తప్పువడుతున్న."

చాయ్ గ్లాసుల వాళ్ళు నవ్వారు. బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఆ మాట పది మందిలో అనాలా అని దుకాణం మనిషి మీద, బట్ట గురించి ఉన్న రోషం ప్రాణం గురించి లేదా అని బావ మీద. ఇంతలో సేఠ్ ఫోన్. బావ చేతులకు నల్ల మడ్డి అంటుకొని ఉంది, మోచేతితో నొక్కి స్పీకర్ పెట్టాడు.

"ఏం తమ్మీ, ఎక్కడిదాక వచ్చినవ్? సాంచెలు ఖాలీ ఉన్నయి."

బావ తడబడుతూ చెప్పాడు. టైరు, దుకాణం, ఇస్తలేడు. సేఠ్ ఓపికగా విన్నాడు.

"ఫోన్ ఆ బేటాకు ఇయ్యి. ఏం బేటా, మంచిగున్నవా? మీ నాయిన నాకు బాగ తెలుసు. ఉగీచ్, ఊకెనే లొల్లి ఎందుకు? అది మాసిపోయిన చద్దరుంటది. షెడ్డుల మంచి మందం ముక్కలు ఉన్నయి, పోరగాని తోటి ఇప్పుడే పంపిస్త. లోపల పెట్టి బిగించి ఇయ్యి. నా గాడీలన్ని గట్లనే నడుస్తయి."

అప్పటిదాకా ఆ చద్దరు ముక్క బావ తెలివితక్కువ పనే అనుకున్నాం. బావ కూడా అలాగే అనుకోనిచ్చాడు, సేఠ్ పేరు నోటికి రానివ్వలేదు. టైరు మార్చమని బావ అడిగిన ప్రతిసారీ సేఠ్ ఒక చద్దరు ముక్క ఇచ్చి పంపాడన్నమాట. ఇచ్చేటప్పుడు భుజం మీద చెయ్యి వేసే ఉంటాడు.

"సేఠ్" అన్నాడు దుకాణం మనిషి, "మీ కారు టైర్లల్ల ఎన్ని చద్దర్లు పెట్టిండ్రు?"

ఫోన్‌లో నవ్వు వినబడింది. నిజమైన నవ్వే. "మజాక్ బాగ చేస్తవ్ బేటా. ఆగు, నేనే వస్తున్న."

ఫోన్ ఆగిపోయింది. దుకాణం మనిషి లేచి, రబ్బరు కోసే కత్తి తీసుకొని, ఆ టైరు పక్కభాగాన్ని చీలిక దగ్గర నుంచి ఈ చివరి నుంచి ఆ చివరికి కోశాడు. తేలిగ్గా తెగే వస్తువు కాదది. మోకాలితో తొక్కిపట్టి, పళ్ళు బిగించి, ఆగి ఆగి కోశాడు. ఎవరూ ఆపలేదు. ఏం చేస్తున్నాడో అర్థమయ్యేసరికి అయిపోయింది. ఇక ఆ టైరును ఏ దుకాణంలో, ఎంత మందం చద్దరు పెట్టినా, ఎవరూ బిగించలేరు.

బావ నేల మీద కూలబడ్డాడు. "నా సంసారం కోసినవ్ గదరా" అన్నాడు.

"సంసారం నడువాల్నంటే నువ్వు ఉండాలె గద మామా" అంటూ ఆయన లోపలికి పోయి ఇంకో టైరు దొర్లించుకొచ్చాడు. వాడినదే, కానీ లోపల శుభ్రంగా ఉంది. కొత్త ట్యూబు వేశాడు. "ఇది నాది. అమ్ముతలేను. మీ సేఠ్ కొత్తది కొన్ననాడు తెచ్చియ్యి, అప్పటిదాక ఉంచుకో" అన్నాడు. ఇనుప కడ్డీలతో టైరును చక్రానికి ఎక్కిస్తూ తిడుతూనే ఉన్నాడు. బావను, సేఠ్‌ను, టెంపోను, ఎండను, గ్లాసులు పట్టుకొని నిలబడ్డవాళ్ళను. తిట్టు తిట్టుకూ టైరు ఒక అంగుళం లోపలికి జరిగింది.

చక్రం తయారైంది, బిగించడమే తరువాయి. అప్పుడు సేఠ్ తెల్ల కారు వచ్చి ఆగింది. ఆయనతో పాటు ఒక యువకుడు దిగాడు. సేఠ్‌కే ఉన్న ఇంకో టెంపో నడిపే డ్రైవరు. కోసిన టైరును సేఠ్ ఒకసారి చూశాడు. నేల మీద ఉన్న బావ దగ్గరికి వచ్చి, వంగి, భుజం మీద చెయ్యి వేశాడు.

"లే తమ్మీ. ఎండల కూసోకు. చావీ ఇయ్యి, ఈ పిలగాడు తీస్కపోతడు. నువ్వు ఇంటికి పోయి ఆరాం చెయ్యి."

బావ లేచి జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చేశాడు. ఇన్నేళ్ళ మనిషి, ఎదురు అడగకుండా ఇచ్చేశాడు.

చాయ్ బండి దగ్గరి పెద్దమనిషి ఒకాయన ముందుకొచ్చాడు. సేఠ్‌ను ఏదో అంటాడనుకున్నాను. దుకాణం మనిషితో అన్నాడు. "గీ నోటితోనే వచ్చింది లొల్లి. జర మంచిగ మాట్లాడుతే ఇంతదాక వచ్చేదా? సేఠ్‌కు మాఫీ అడుగు." అవునవునని ఇంకో ఇద్దరు. నేను పెద్దగా అరిచేవాణ్ణి కాను. ఆ రోజు అరిచాను.

"చద్దరు పెట్టి బిగించుమన్న నోరు మీకు మంచిగ వినవడ్డదా? బేటా అన్నడు గదా, తమ్మీ అన్నడు గదా, దాని ఎనక ఏమన్నడో వినవడలేదా? టైరు పేలి ఈ మనిషి రోడ్డు మీద పడితే కూడ తమ్మీ అనుకుంట వచ్చి భుజం మీద చెయ్యి వేస్తడు. అప్పుడు కూడ అబ్బ, ఎంత మంచి మనిషి అంటరా?"

"మీరు చదువుకున్నోళ్ళు, జర శాంతంగ ఉండాలె కాకా" అన్నాడు సేఠ్ నా వైపు తిరిగి, మెత్తగా. నా కోపం ఆయనకు ఈగ వాలినంత కూడా అనిపించలేదు. అదే నాకు ఇప్పటికీ మండే సంగతి.

తర్వాత దుకాణం మనిషితో అన్నాడు. "చక్రం బిగియ్యి బేటా. లవ్కర్, జల్ది. సాంచెలు ఆగినయి."

దుకాణం మనిషి చక్రాన్ని నేల మీద పడేసి దాని మీద కూర్చున్నాడు.

"బిగించ. చావీ మామాకు ఇయ్యండ్రి, బిగిస్త."

"గాడీ నాది. పైసలిచ్చేటోన్ని నేను. గిరాక్ నేను బేటా, ఆయన కాదు."

"కాదు సేఠ్. గాడీ ఉరికేటప్పుడు దాంట్ల కూసునేటోడే నాకు గిరాక్. మీరు ఏసీల కూసుంటరు. నా దుకాణానికి వచ్చింది మామా. తిట్టినా కొట్టినా నా గిరాక్ ఆయననే."

సేఠ్ నవ్వుతూనే ఉన్నాడు. "నువ్వే బిగియ్యి రా" అన్నాడు వెంట వచ్చిన డ్రైవరుతో. "పానా అక్కడనే ఉంది."

ఆ యువకుడు పానా వైపు ఒక అడుగు వేశాడు. దుకాణం మనిషి లేవలేదు, అడ్డం పోలేదు. కోసిన టైరును కాలితో వాడి ముందుకు నెట్టాడు.

"తీస్కో తమ్మీ, చక్రం కూడ ఇస్త. ముందుగాల దీంట్ల చెయ్యి పెట్టు."

వాడు సేఠ్ వైపు చూశాడు. సేఠ్ ఫోన్ చూసుకుంటున్నాడు. వాడు వంగి చెయ్యి పెట్టాడు. చీలిక వెంట వేళ్ళు పోనిచ్చాడు. తెగి పైకి లేచిన పోగుల దగ్గర ఆగాడు. వాడి నాయన కూడా ఎక్కడో సాంచె మీదే ఉండి ఉంటాడు. ఆ వేళ్ళకు ఎవరూ ఏమీ వివరించనక్కర్లేకపోయింది. పక్కనే పడి ఉన్న చద్దరు ముక్కను చూశాడు.

"సేఠ్" అన్నాడు లేచి. "నా గాడీల ముందటి టైరుల పెట్టించింది కూడ గిదేనా?"

"మంచి చద్దరు రా అది."

"ముందటి టైరు సేఠ్." వాడు సేఠ్ చేతిలోని తాళంచెవిని చూపించాడు. "నాకు ఈ చావీ వద్దు. ముందు నాది విప్పించుకుంట."

వాడు తన సొంత తాళంచెవి గట్టిగా పట్టుకొని చాయ్ బండి వైపు పోయి నిలబడ్డాడు. నాకాలో బీములు మోసే టెంపోల వాళ్ళు అప్పటికి ఇంకో ముగ్గురు నలుగురు ఆగి చూస్తున్నారు. వాళ్ళలో ఒకడు మెల్లగా తన బండి వెనక్కి పోయి టైరును తన్ని చూశాడు. అప్పటిదాకా సేఠ్ వైపు మాట్లాడిన పెద్దమనిషి చాయ్ ఆర్డరిచ్చాడు.

సేఠ్ ఫోన్ మోగింది. షెడ్డు నుంచి. వస్తున్నయి, వస్తున్నయి అన్నాడు. చుట్టూ చూశాడు. నడిపేవాడు ఎవడూ లేడు, తను నడపలేడు. తాళంచెవిని బావ చేతికి ఇవ్వలేదు. టెంపో సీటు మీదికి విసిరాడు. గట్టిగా కూడా కాదు.

"తీస్కపో తమ్మీ. నీ మంచికే చెప్పిన నేను."

బావ సీటు మీది తాళంచెవిని రెండు చేతులా తీసుకొని కళ్ళకద్దుకున్నాడు. సాంచె నడిపే ముందు మావాళ్ళు పనిముట్టును అలాగే కళ్ళకద్దుకుంటారు. అలవాటు. కానీ సేఠ్ చూస్తున్నాడు, తనకే దండం పెట్టినట్టు తల ఊపాడు కూడా. తెల్ల కారు పోయేదాకా నేను పళ్ళు నూరుకుంటూ నిలబడ్డాను.

చక్రం బిగించారు, దిమ్మలు తీశారు, జాకీ దించారు. బావ బీముల మీది గుడ్డ సర్దుకొని బండెక్కాడు. దుకాణం మనిషికి ఒక్క మాట చెప్పలేదు. నేను పక్కన ఎక్కి దారిలో అడిగాను.

"ఒక్క మాటన్న అనాల్సింది బావా."

"ఏమనాలె? పది మందిల నా పనిని నవ్వులపాలు చేసిండు."

"నీ ప్రాణం కాపాడిండు."

"కాపాడితే కాపాడిండు. నవ్వించుడెందుకు?" అన్నాడు.

ఆ వారంలోనే సేఠ్ తన టెంపోలన్నిటికీ కొత్త టైర్లు వేయించాడు. కుంఠా నాకాలో కాదు, ఊరి అవతల ఇంకో దుకాణంలో. తన డ్రైవర్ల ప్రాణం తనకు ముఖ్యమని అందరికీ చెప్పుకున్నాడు. మా పేటల్లో సేఠ్‌ను మెచ్చుకోని ఇల్లు లేదు. నేను జరిగింది చెప్పబోతే, "అయినా టైర్లు వేయించిండు గద" అన్నారు, "ఆ టైర్లాయన నోరు మాత్రం మంచిది కాదు" అన్నారు. బండ్లు ఇక ఆ దుకాణం ముందు ఆగడానికి వీల్లేదని సేఠ్ డ్రైవర్లతో చెప్పాడు. గుండాగిరీ చేసేవాళ్ళ దగ్గర మన బండ్లు ఎందుకు తమ్మీ అన్నాడట. ఆగితే చావీ సంగతి మళ్ళీ మాట్లాడుకుందాం అన్నాడట. కొన్నాళ్ళు ఆ దుకాణం ముందు టెంపో అనేది కనబడలేదు. దుకాణం మనిషి సైకిళ్ళకూ స్కూటీలకూ గాలి కొడుతూ, వాటిని తిడుతూ కూర్చున్నాడు.

ఆయన ఇచ్చిన టైరు బావ ఇంటి ముందు గోడకు ఆనించి ఉంది. రోజూ దాని పక్క నుంచే లోపలికి పోయేవాడు, బయటికి వచ్చేవాడు. అక్క అడిగితే "ఇస్త" అనేవాడు. నేను అడిగితే ఆ మాట కూడా అనేవాడు కాదు. ఒక శుక్రవారం, పవర్ లేక సాంచెలు నడవని రోజు, నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి బావ టైరును తడిగుడ్డతో తుడుస్తున్నాడు.

"ఆటోల వేసుకొని పోదాం" అన్నాను.

"వద్దు."

"మరి నీ గాడీ అటు పోతే సేఠ్ ఊకోడు గదా."

"గాడీ పోవద్దన్నడు. నన్ను పోవద్దన్లేదు."

టైరును వీధిలోకి దొర్లించాడు. ఒక చేత్తో తోస్తూ, మోకాళ్ళు సహకరించక అడుగడుక్కీ కాస్త వంగుతూ, పెద్దమనిషి వయసులో, దాజీ పేట నడివీధిలో. గుమ్మాల్లో బీడీలు చుట్టుకుంటున్న ఆడవాళ్ళు చేటలు పక్కన పెట్టి చూశారు. "ఏంది మామా, ఆటాడుతున్నవా?" అని ఎవరో అన్నారు. బావ తల తిప్పలేదు. నేను పట్టబోతే చెయ్యి విదిలించాడు. నాకు సిగ్గుగా లేదు, కోపంగా ఉంది. తన పని తను చేసుకునే మనిషి తీసుకున్న వస్తువు తిరిగి ఇవ్వడానికి ఇలా నడవాలా?

నాకాకు పోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి సందుల్లోంచి, ఇంకోటి సేఠ్ షెడ్డు ముందు నుంచి. మలుపు దగ్గర నేను సందు వైపు తిరిగాను.

"ఇటు రా బావా. అటు పోతే ఎవడో ఒకడు సేఠ్‌కు చెప్తడు."

టైరు తిన్నగా షెడ్డు వైపు పోయింది, బావ దాని వెనక. గేటు దగ్గర కాపలావాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, జేబులో ఫోన్ వెతుక్కుంటూ. బావ టైరును ఆపలేదు.